కుడికంటి రింగు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ డయాప్టర్ రింగు గారి సముఖమునకు,

చెన్నై వేళచ్చేరి నుంచి వ్రాసుకొన్న విన్నపము. ఇక్కడ అందరం క్షేమం. నా కళ్ళు కూడా క్షేమమే. ఆ సంగతి మొన్న శనివారం ఒక కంటి ఆసుపత్రివాళ్ళు మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి, చుక్కలు వేసి మరీ తేల్చారు. ఆ భాగ్యం తమరి చలవ వల్లే కలిగింది కాబట్టి వివరాలన్నీ ముందుగా తమకే మనవి చేసుకుంటున్నాను.

తమరి నివాసం ముప్పై వేలు పోసి కొన్న నా 8×42 బైనాక్యులర్‌లో (ఎనిమిది రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు గాజు 42 మిల్లీమీటర్లు). కంటికి ఆనించుకునే కుడి ఐకప్‌కు సరిగ్గా కింద. నల్ల రబ్బరు, దానికి సన్నటి గాడులు, ఒంటి మీద ఒక తెల్ల గీత. ఎదురుగా గొట్టం మీద సున్నా, అటు ప్లస్సు, ఇటు మైనస్సు. తమకు అప్పగించిన పని కూడా పెద్దదేం కాదు. ముందు ఎడమ కంటికి నడిమి చక్రంతో ఫోకస్ చేసుకుంటాం. తర్వాత ఎడమ కన్ను మూసి, కుడి కంటికి బొమ్మ తేటపడేదాకా తమర్ని తిప్పుకుంటాం. మా రెండు కళ్ళ పవర్‌లో ఉన్న తేడాను తమరు గుర్తుపెట్టుకోవాలి, అంతే. ఆపైన ఎంత దూరపు పిట్టనైనా ఒక్క నడిమి చక్రంతోనే చూసుకోవచ్చు. తమరు చేయవలసిందల్లా ఏమీ చేయకుండా కూర్చోవడం.

అదే తమరి వల్ల కావడం లేదు. బ్యాగులోంచి తీస్తుంటే గుడ్డకు రాసుకుని కాస్త తిరుగుతారు. మెడలో వేలాడుతుంటే చొక్కా గుండీకి తగిలి ఇంకాస్త. కళ్ళజోడు తీసి, ఐకప్‌ను పైకి తిప్పితే దాని చెయ్యి పట్టుకుని తమరూ బయల్దేరతారు. పోనీ ఒక్కసారిగా తిరిగిపోతే మసక తెలిసిపోయేది, దొంగ దొరికిపోయేవాడు. తమరు అంత అమాయకులా! రోజుకు వెంట్రుకవాసి. ఎడమ కంటికి బొమ్మ శుభ్రంగా ఉంటుంది కాబట్టి మెదడు దాన్నే నమ్ముకుని కుడి కంటి బొమ్మను పక్కన పెట్టేస్తుంది. మసకగా ఉందని అనిపించదు, ఎక్కడో ఏదో తేడా కొడుతోందనిపిస్తుంది. కొమ్మకూ వెనకాల ఆకుకూ మధ్య లోతు పోతుంది. అరగంటకు నుదురు పట్టేస్తుంది. పాతికేళ్ళ కుర్రాడైతే కంట్లోని కటకమే కాస్తో కూస్తో సర్దుకుని తమరి నిర్వాకాన్ని కప్పిపుచ్చుతుంది. నలభై అయిదు దాటినవాడి కటకం గట్టిపడి ఉంటుంది, సర్దుకోదు. అలాంటివాడికి వచ్చే మొదటి ఆలోచన ఏమిటో తమకు చెప్పాలా? 'అయిపోయింది, నాకు చూపు తగ్గుతోంది.'

ఆ ఆలోచన పెరుంబాక్కం చెరువు గట్టు మీద ఖాయమైంది. బురద అంచున పిచ్చుకంత పిట్ట గబగబా పొడుచుకు తింటోంది. స్టింట్ అని తెలుస్తూనే ఉంది. కాళ్ళు నల్లగా ఉంటే లిటిల్ స్టింట్, పసుపూ ఆకుపచ్చా కలిసినట్టుంటే టెమ్మింక్స్ స్టింట్. అంత ఉత్తరపు కొస నుంచి ఇంతదూరం ఎగిరొచ్చి, బుద్ధిగా ఎండలో నిలబడి కాళ్ళు చూపిస్తోంది పాపం. నాకు మాత్రం ఆ కాళ్ళు బురద రంగులో కనిపించాయి. పక్కనున్న కాలేజీ కుర్రాడు "ఏ కాళ్ళు అంకుల్?" అని అడిగాడు. ఉన్నాయి అని చెప్పగలిగాను, అంతకుమించి చెప్పలేకపోయాను. ఈలోగా గద్ద నీడ పడింది, గుంపంతా లేచిపోయింది.

ఇక ఆసుపత్రి. గడ్డం ఆ గిన్నెలో పెట్టించి, రోడ్డు చివరన ఉన్న రంగురంగుల బెలూన్ చూడమన్నారు. అది తేటగానే ఉంది. అక్షరాలు చదవమన్నారు, కింది వరస దాకా చదివాను. "అయినా ఒకసారి లోపల చూసేద్దాం సార్" అని చుక్కలు వేశారు. మండుతున్న కళ్ళు మూసుకుని గోడవారగా కుర్చీల్లో వరసగా కూర్చున్నవాళ్ళలో నేనొకణ్ణి. ఇంకా విచ్చుకోలేదని మళ్ళీ చుక్కలు. చివరికి డాక్టరమ్మ లైటు వేసి చూసి "కన్ను రొంబ నల్లా ఇరుక్కు సార్ (చాలా బాగుంది సార్), ఏ సమస్యా లేదు" అంది. సమస్య లేదంటే సంతోషించాలి కదా, నాకు ఏడుపొచ్చింది. బయటికొస్తే చెన్నై ఎండ సూదుల్లా కళ్ళలో దిగింది. గుడ్లగూబ కళ్ళేసుకుని ఆటో ఎక్కాను. ఫోన్‌లో అంకెలు కనపడక దాన్ని ఆటో అబ్బాయి చేతికే ఇచ్చి ఎంతైతే అంత నువ్వే నొక్కుకో అన్నాను. అతను న్యాయంగానే నొక్కుకున్నాడు, అది వేరే సంగతి. మధ్యలో కళ్ళజోళ్ళ కౌంటర్‌లో కుర్రాడొకడు, చూపు బాగానే ఉన్నా ప్రోగ్రెసివ్ అద్దాలు వేసుకుంటే 'ఫ్రెష్‌గా' ఉంటుందని వెంటపడ్డాడు. అతణ్ణి కూడా తమరి ఖాతాలోనే రాసుకున్నాను.

మర్నాడు పొద్దున రేడియల్ రోడ్డు వారగా, పళ్ళికరణై చిత్తడినేల ఎదుట, లారీల దుమ్ములో నిలబడి నా బాధ చెప్పుకుంటుంటే, పెరంబూరు నుంచి వచ్చే పెద్దాయన విన్నారు. రైలు కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి, నట్టూ బోల్టూ చూస్తే జాతకం చెబుతారు. నా బైనాక్యులర్ తీసుకుని ఒక కన్ను, ఇంకో కన్ను మూసి చూశారు. తమరి తెల్ల గీత సున్నాను దాటి ఎక్కడికో వలస పోయి ఉంది. వేలితో వెనక్కి తోసి నా చేతికిచ్చారు. "కళ్ళను కాదు నాయనా, దీన్ని చూపించాల్సింది."

ఎత్తి చూస్తే ఎదురుగా వుడ్ శాండ్‌పైపర్, కంటి మీద తెల్ల గీత దగ్గర్నుంచి వీపు మీద చుక్కల దాకా, అచ్చు గుద్దినట్టు. అదే ముప్పై వేల గాజు. అవే నా కళ్ళు.

అప్పుడాయన తన మెడలోది కూడా ఇచ్చి చూడమన్నారు. ఆస్ట్రియా సరుకు, అమెరికాలో ఉన్న కొడుకు తెచ్చిపెట్టింది, రెండు లక్షలు దాటుతుంది. అబద్ధం చెప్పను, బాగుంది. తెల్లటి ఆకాశం మీద గద్దను చూస్తే నాదాంట్లో రెక్కల చుట్టూ సన్నగా ఊదా రంగు అంచు వస్తుంది, అందులో రాలేదు. బొమ్మ అంచుల దాకా ఒకేలా ఉంది. వెడల్పు కూడా ఎక్కువ. ఎన్ఎల్ ప్యూర్ అనే మోడల్ లాంటి పై తరగతి 8×42లో కిలోమీటరు దూరాన 159 మీటర్ల మేర కనిపిస్తుంది, మధ్యరకం వాటిలో చాలావరకు 110కీ 145కీ మధ్య. ఎగిరే గుంపుల్ని పట్టుకోవడానికి అది నిజంగా పనికొచ్చే తేడా. కానీ వెలుగు? మిట్టమధ్యాహ్నం చెప్పుకోదగ్గ తేడా లేదు. 42ని 8తో భాగిస్తే వచ్చే 5.25 మిల్లీమీటర్ల వెలుగు చుక్క రెండింటికీ ఒకటే. ఎండలో మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకు మించి తెరుచుకోదు, మిగతాదంతా పాప బయటే పడి వృథా అవుతుంది. ఖరీదు తెలిసొచ్చేది పొద్దు వాలాక, వెలుగుకు ఎదురుగా చూసినప్పుడు. (శనివారం మధ్యాహ్నం నా కంటిపాప ఉన్న స్థితికి 5.25 కూడా చాలేది కాదు, ఆ గొప్పతనం తమరిది.)

ఇవన్నీ లేకపోయినా నాకు బాధ లేదు. ఊదా అంచుతో గద్ద గద్దే. అంచుల్లో మసకుంటే పిట్టను మధ్యకు తెచ్చుకుంటాను, మెడ తిప్పడానికి డబ్బులివ్వక్కర్లేదు. నా ఒంట్లో మంట పుట్టించింది వేరే. పెద్దాయన తన నడిమి చక్రాన్ని పట్టుకుని వెనక్కి లాగారు. క్లిక్ మంది. చక్రం లోపలే డయాప్టర్. తిప్పి, మళ్ళీ ముందుకు నొక్కారు. క్లిక్. "ఇక ఇది కదలదు" అన్నారు.

లాక్. అంతే. ఒక లాక్.

రింగు గారూ, మీకు కొంచెం చరిత్ర చెబుతాను, కదలకుండా వినండి. మీ కొంపలో ఉన్న రూఫ్ ప్రిజం, అంటే తలకిందులైన బొమ్మను తిన్నగా నిలబెట్టే గాజు దిమ్మె, ఒకప్పుడు ఒక జబ్బుతో ఉండేది. లోపల వెలుగు రెండుగా చీలి మళ్ళీ కలిసేటప్పుడు తరంగాల్లో తేడా వచ్చి బొమ్మ నలిగిపోయేది. 1988లో జర్మనీ కంపెనీ జైస్ వాళ్ళు దానికి ఫేజ్ కోటింగ్ తెచ్చారు. కంటికి ఆనని మందంలో పూత, ప్రిజం ముఖాల మీద, గురి తప్పకుండా పడాలి. అప్పట్లో అది గొప్పవాళ్ళ వైభోగం. ఇవాళ మీ ధరలో కూడా ఉంది. ప్రిజంలో అద్దం పూత సంగతి చూడండి. అల్యూమినియం అయితే ఇంచుమించు పదోవంతు వెలుగును మింగేస్తుంది. పొర మీద పొరగా డైఎలక్ట్రిక్ పూత వేస్తే నూటికి తొంభై తొమ్మిది వంతులు తిరిగొస్తుంది. అదీ దిగొచ్చింది. ఆ ఊదా అంచును తగ్గించే ఈడీ గాజు దిగొచ్చింది. లోపల ఆవిరి పట్టకుండా నైట్రోజన్ నింపడం దిగొచ్చింది. ఇంత విద్య, ఇన్ని పొరలు మెట్లు దిగి మధ్యతరగతి గడప దాకా వచ్చాయే, ఆ చిన్న క్లిక్ ఒక్కటే లిఫ్ట్ దొరక్క పైన ఆగిపోయిందా?

పిల్లల వాటర్ బాటిల్ మూతకు లాక్ ఉంటుందండీ. రెండొందల బాటిల్. ఎల్‌కేజీ పిల్ల దాన్ని స్కూలు బ్యాగులో తలకిందులుగా వేసి, దాని మీద కూర్చుని, వ్యాన్ ఎక్కి దిగినా చుక్క కారదు. మీరు పుట్టిన ఫ్యాక్టరీలో మిల్లీమీటరులో వెయ్యో వంతుకు గాజు నూరే మొనగాళ్ళున్నారు. వాళ్ళకు లాక్ పెట్టడం రాదని నన్ను నమ్మమంటారా? ఇదే ధరలో కొన్ని మోడళ్ళకు ఉంది కూడా. అంటే వీలుకాక కాదు, ఖర్చు భరించలేక కాదు. అన్నీ కిందకే ఇచ్చేస్తే పైవాడి దగ్గర లాక్కోవడానికి ఏదో ఒకటి మిగలాలి కదా, అందుకని మీరు... ఇంకా మీరేమిటి! నువ్వు. నిన్ను వదులుగా వదిలేశారు. కావాలనే వదిలేశారని నా గట్టి అనుమానం.

నీ గురించి ఒక్క బ్రోచర్ రాయదు. ఎంత శాతం వెలుగు, ఎన్ని డిగ్రీలు, ఎన్ని గ్రాములు, అన్నీ రాస్తారు. ఈ రింగు బ్యాగులో పెట్టి తీస్తే ఉన్నచోట ఉంటుందా అని ఎవడూ రాయడు. కొనేటప్పుడు షాపులో ఎదురు బిల్డింగు మీద బోర్డు చూసి ఆహా అంటాం. నువ్వు అప్పుడు కదలవు. కొత్తల్లో బిగువుగా, పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టే కూర్చుంటావు. బిల్లు మీద ఇంకు ఆరాక మొదలవుతుంది నీ తిరుగుడు. వానాకాలంలో గాజుకు బూజు పట్టకుండా సిలికా జెల్ పొట్లాల మధ్య పడుకోబెట్టానే, నాకు లేని ఏసీ నీకు పెట్టానే, కన్న పిల్లల్ని మా అత్తగారింట్లో వదిలేసి నిన్ను పులికాట్ తీసుకెళ్ళి ఫ్లెమింగోలు చూపించానే! ప్రతిగా నువ్వు చేసిందేమిటి? నా కన్నును నాకే అనుమానించేలా చేశావు. రాత్రిళ్ళు గూగుల్‌లో రెటీనా జబ్బులు వెతికించావు. మా ఆవిడ "ఇక ఆ పిట్టలు చాలు, కళ్ళు జాగ్రత్త" అంటే కిక్కురుమనకుండా తలూపేలా చేశావు. ఆ మాట ఆవిడ ఇక జన్మలో వెనక్కి తీసుకోదు.

నీ బంధువర్గం మీద కూడా ఫిర్యాదులున్నాయి కానీ ఇవాళ వాళ్ళ వంతు కాదు. ముందు గాజుల రబ్బరు మూతల్లో ఒకటి ఇప్పటికే చిత్తడినేలకు సమర్పణం అయింది. మెడ పట్టీ కంపెనీ పేరును పెద్దక్షరాల్లో మోస్తుంది, బరువు మాత్రం నా మెడ మోస్తుంది. ఫాగ్‌ప్రూఫ్ అన్నారు, ఏసీ కారు దిగగానే గాజు మీద ఆవిరి కమ్మేస్తుంది. నైట్రోజన్ నింపింది లోపల కాబట్టి ఆ మాట లోపలికే చెల్లుతుందట. లైఫ్‌టైమ్ వారంటీ ఎవరి లైఫో అడిగితే సమాధానం లేదు. అవతల పై తరగతివాళ్ళు 2024లో పిట్టను చూపించి దాని పేరు కూడా చెప్పే బైనాక్యులర్ తెచ్చేశారు. నాకు పేరు చెప్పక్కర్లేదు తల్లీ, కాళ్ళ రంగు చాలు.

ఇప్పుడు జరగబోయేది విను. మా అమ్మాయి నెయిల్ పాలిష్ తెచ్చాను, ఎర్రది. సరైన చోట నీ మీద ఒక చుక్క, గొట్టం మీద ఒక చుక్క పెట్టాను. రెండూ ఎదురెదురుగా ఉన్నాయో లేదో రోడ్డు మీద నిలబడి కూడా తెలుస్తుంది. దాని మీద నల్ల ఇన్సులేషన్ టేపు, ఎలక్ట్రికల్ షాపులో పది రూపాయలు, రెండు చుట్లు. రెండు లక్షల లాక్ అదే. అందంగా లేదని పెద్దాయన కూడా ముఖం చిట్లించారు, నాకేం ఫర్లేదు. ఆదివారం పెరుంబాక్కం వెళ్తున్నాం. స్టింట్లు ఇంకా ఉన్నాయట. కదిలావో, ఈసారి ఫెవిక్విక్.

ఇట్లు,
నీ ఓనరు