గుండ్ల పెట్టె మీది అంకెగారికి

శ్రీయుత బాలిస్టిక్ కోఎఫిషియంట్ గారికి,

నమస్కారాలు. నేను విశాఖపట్నంలో ఓడలు కట్టేచోట 34 ఏళ్లు లేతు మిషన్ దగ్గర నిలబడి రిటైరైన టర్నర్‌ని. తమరి దర్శనం నాకు కిందటేడాది కొలరాడోలో, మా అల్లుడుగారి కారు షెడ్డులో అయింది. రైఫిలు గుండ్ల పెట్టె మీద బంగారు రంగులో 0.68 అని మెరుస్తూ కనిపించారు. గుండు గాలిని ఎంత సులువుగా చీల్చుకుపోతుందో చెప్పే అంకె తమరట, ఎంత పెద్దదైతే అంత మేలట. పక్క పెట్టె మీద మీ తమ్ముడు 0.48 ఒక మూలన సన్నటి నల్ల అచ్చులో ఒదిగి ఉన్నాడు. మిమ్మల్ని అల్లుడుగారు చూపించిన తీరుకు మా గాజువాక కూడలిలో కోచింగ్ కాలేజీలు కట్టే ర్యాంకుల ఫ్లెక్సీ గుర్తొచ్చింది. పిల్లవాడి పేరు కన్నా అంకె పెద్దది.

మనం తూటా అంటే మొత్తానికి కలిపి అంటాం. అక్కడ దాన్ని నాలుగు ముక్కలుగా కొంటారు. ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమరు, లోపల తుపాకిమందు, మూతిలో గుండు. ఈ నాలుగింటినీ ఇంట్లోనే కూర్చుకుంటే దూరపు గురి బాగా కుదురుతుందని వారి నమ్మకం. నిజమే, కుదురుతుంది. ఆ పని ఇక్కడ మా ఇంట్లో మొదలుపెడితే 1959 నాటి ఆయుధాల చట్టం తలుపు తడుతుంది. అక్కడ మాత్రం, "మామయ్యగారూ, భోజనమయ్యాక మందు కొలుద్దాం రండి" అని అల్లుడుగారు పిలిచారు. మా ఆవిడ చేతిలోని గరిటె గాలిలోనే ఆగిపోయింది.

కొలిచాం. గ్రెయిన్లలో. పౌనుకు 7000 గ్రెయిన్లు. కంసాలి తూకానికి వాడే గురివింద గింజలో ఒక గ్రెయిన్ రమారమి సగం. ఆ గింజకు తన కింది నలుపు తెలియదని సామెత. తమరికీ ఎవరూ చెప్పినట్టు లేదు, కనుక నేను చెబుతాను.

గాలిని చీల్చే సులువును చెప్పే అంకె అని మీకు పేరు. బాగుంది. కానీ అదే గుండు జీ1 అనే కొలతలో 0.6 ఉంటే, జీ7 అనే కొలతలో రమారమి 0.3 అవుతుంది. జీ1కు నమూనా పందొమ్మిదో శతాబ్దపు చదును అడుగు గుండు. నేటి పొడుగాటి, వెనక సన్నబడే పడవతోక గుండుకు పోలిక జీ7తోనే. అయినా పెట్టె మీద జీ1నే పెద్దగా అచ్చు వేస్తారు. ఎందుకో ఫ్లెక్సీలు కట్టేవారిని అడిగితే చెబుతారు. పైగా మీ గుండ్లలో కొన్నిటి ప్లాస్టిక్ ముక్కు దారిలోనే వేడికి మెత్తబడి పోతోందని 2015 ప్రాంతంలో రాడారు పెట్టి చూస్తే బయటపడింది. పెట్టె మీద ఒక అంకె, గాలిలో మరో అంకె!

ఇక పెళ్లి సంగతి, అంటే గుండుకూ గొట్టానికీ జోడీ కుదరడం. అల్లుడుగారి రైఫిలు పాతది. దాని గొట్టంలో గుండును గిర్రున తిప్పే గాడి 12 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుంది. గుండు పొడుగు పెరిగేకొద్దీ ఆ చుట్టు బిగువుగా, అంటే ఇంకా తక్కువ అంగుళాలకే ఒకటి తిరిగేలా, ఉండాలని గ్రీన్‌హిల్ అనే గణిత పండితుడు 1879లోనే లెక్క కట్టాడు. మీ 0.68 గుండేమో పొడుగాటిది. ఎవరు విన్నారు? నేను నా వంతుగా వీ బ్లాకు అనే గాడి దిమ్మ మీద ఒక్కో తూటానూ దొర్లించి, డయల్ గేజి ముల్లు రెండు థౌ దాటి ఊగినదాన్నల్లా పక్కన పెట్టాను. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఆ ముల్లు ముందు కూర్చుంటే నాకు మళ్లీ ముప్ఫై ఏళ్లే. అంత చేసినా, వంద గజాల దూరంలోని కాగితం మీద తమరు చేసిన రంధ్రాలు గుండ్రంగా రాలేదు, కోడిగుడ్డులా వచ్చాయి. గుండు తిన్నగా కాక ఊగుతూ వెళ్లిందన్నమాట. అదే గొట్టంలోంచి మీ తమ్ముడు 0.48 మూడుసార్లు వెళ్లాడు. మూడు రంధ్రాలనూ నా జేబులోని రూపాయి బిళ్లతో కప్పేశాను.

"కానీ గాలిని తట్టుకోవడంలో 0.68 మేలు కదా!" అన్నారు అల్లుడుగారు. మేలే. గంటకు పది మైళ్ల పక్కగాలిలో ఐదు వందల గజాలకు మీరిద్దరూ పక్కకు కొట్టుకుపోవడంలో తేడా ఐదారు అంగుళాలు. గాలిని నాలుగు మైళ్లు తప్పుగా అంచనా వేస్తే ఆ లాభమంతా గోవిందా. కొండ కోనలో ఈ గట్టున ఒక గాలి, ఆ గట్టున ఒక గాలి. సముద్రం ఒడ్డున పుట్టి హుద్‌హుద్ చూసినవాణ్ణి, గాలిని అంకెతో లొంగదీస్తానంటే నాకు నవ్వొస్తుంది. గాలి గుండును ఎంతగా ఆపుతుందో 1742లో కొలిచి చూపిన ఇంగ్లీషు గణితవేత్త బెంజమిన్ రాబిన్స్ కూడా చివరికి మన తూర్పు తీరానికే వచ్చి, 1751లో కడలూరు దగ్గరి కోటలో కన్నుమూశాడు.

అసలు మాట ఇది. దుప్పిని తాకేది గుండు, మీరు కాదు. అల్లుడుగారు వేటాడబోయే ఎల్క్ మన కణితికి అన్నగారి లాంటి జంతువు. దానిలో దిగిన గుండు విచ్చుకోవాలి. మామూలు వేట గుండ్లకు అందుకు సెకనుకు రమారమి 1800 అడుగుల వేగమైనా మిగిలి ఉండాలి, పూర్తి రాగివాటికి ఇంకాస్త ఎక్కువ. వేగం చాలకపోతే సూదిలా దూరిపోతుంది, ఆ జీవి ఎక్కడికో వెళ్లి నరకయాతనతో చస్తుంది. మరీ మెత్తటిది దగ్గర్నుంచి ఎముకను తాకితే పైపైనే చిట్లిపోతుంది. 1946లో కెనడాలో మూస్ అనే భారీ దుప్పి ఒకటి ఎన్ని గుండ్లు తిన్నా పడకపోతే, జాన్ నోస్లర్ అనే వేటగాడు మధ్యలో అడ్డుగోడ ఉన్న గుండు తయారు చేశాడు. ఆయన కష్టమంతా గుండు దిగాక ఏం జరుగుతుందన్న దాని మీదే. మీరేమో చర్మం దాకా వచ్చి సెలవు తీసుకుంటారు. అందుకే 0.48 పట్టుకుని, మూడు వందల గజాల లోపుకు నడిచి వెళ్లమన్నాను. అల్లుడుగారు వెళ్లారు. ఐదు రోజుల్లో ఒక్క ఎల్కూ కనిపించలేదు. అది నా తప్పు కాదు.

మా ఊళ్లో మీకు పని లేదు. కంబాలకొండలో చుక్కల దుప్పులున్నాయి, వాటికి తోడుగా 1972 వన్యప్రాణి చట్టం ఉంది. ఇక్కడ తుపాకీ ముచ్చటంటే ఆర్కే బీచిలో బెలూన్లు కొట్టడమే. మొన్న సాయంత్రం వెళ్లాను. కుర్రవాడు మూత లేని డబ్బాలో చెయ్యి పెట్టి, చూడకుండానే పది గుళ్లు తీసి ఇచ్చాడు.

"వీటిలో మంచివి ఏరి ఇవ్వు బాబూ" అన్నాను.

"అన్నీ ఒకటే తాతగారూ. ఈ తుపాకీ కుడికి లాగుతుంది, బెలూన్‌కు జానెడు ఎడమగా చూసి కొట్టండి" అన్నాడు.

పదింటిలో ఆరు పేలాయి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టర్నర్,
మల్కాపురం, విశాఖపట్నం.

తా.క.: అల్లుడుగారు తమరి కోసం ఎనిమిది అంగుళాల చుట్టుతో కొత్త గొట్టం పెట్టించారు. రాత్రి ఫోను చేసి 0.72 ఎక్కడ దొరుకుతుందో వెతుకుతున్నానన్నారు. మీ బంగారు అచ్చు జాగ్రత్త.