బాత్రూం టైల్ గారికి

అయ్యా టైల్ గారూ,

కూర్చునే రాస్తున్నాను. మీ మీద నిలబడి మాట్లాడే ధైర్యం ఇప్పుడు మా ఇంట్లో ఎవరికీ లేదు.

మిమ్మల్ని ఎంచుకున్నప్పుడు నాకు 35 ఏళ్లు. అద్దంలా మెరిసిపోతున్నారని మురిసిపోయానే గానీ, అద్దం మీద నీళ్లు పోస్తే ఏమవుతుందో ఆలోచించలేదు. ఈ ఇంట్లో ఎవరికీ ఎప్పటికీ ముసలితనం రాదన్నట్టే కట్టుకున్నాం.

పోయిన నెల ఓ అర్ధరాత్రి మా అమ్మ మీ దగ్గరికొచ్చింది. ఆ వయసులో రాత్రిపూట రెండుమూడుసార్లు లేవక తప్పదు, పడుకున్న మనిషి గబుక్కున లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి, దానికి తోడు నిద్రమాత్ర మత్తు. పైగా మీరూ గోడా కమోడూ అంతా ఒకటే తెలుపు, శుక్లాలున్న కంటికి ఏది ఎక్కడుందో ఏం తెలుస్తుంది? కాలు జారగానే చేతికందిన టవల్ రాడ్ పట్టుకుంది. తువ్వాలు బరువు తప్ప ఇంకేదీ ఎరగని రాడ్డది, రెండు స్క్రూలతో సహా ఊడి చేతిలోకొచ్చేసింది. మేం పరిగెత్తుకెళ్తే తలుపు రాదు. లోపలికి తెరుచుకునే తలుపు, దానికి అడ్డంగా అమ్మ.

తుంటి ఎముక విరిగింది.

చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ "చూసుకుని నడవొద్దూ?" అని ఆవిణ్ణే అన్నారు. మిమ్మల్ని పల్లెత్తు మాట అన్నవాళ్లు లేరు, మీ పలుకుబడి అలాంటిది! ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్లే చనిపోతున్నారు, అందులో 60 దాటినవాళ్లే ఎక్కువ. 2030కల్లా ప్రపంచ జనాభాలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఆ వయసువాళ్లే ఉంటారట. కాబట్టి మీకు పనేమీ తగ్గదు. పైగా "తడి చూసుకోలేదురా, తప్పు నాదే" అంటూ మీ తరఫున వాదించేది కూడా అమ్మే.

మొన్న గరుకు మ్యాట్ వేయించాం, తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించాం, కమోడ్ పక్కన గోడలోకి బోల్టులు దించి గట్టి స్టీలు కడ్డీ పెట్టించాం. కడ్డీకి గంట కూడా పట్టలేదు, ఇన్నేళ్లూ ఎందుకు పెట్టించలేదంటే నా దగ్గర జవాబు లేదు.

నిన్న చూస్తే దాని మీద మావాడి తడి జీన్స్ ఆరేసి ఉంది. "ఖాళీగానే ఉందిగా నాన్నా" అన్నాడు.

ఇట్లు,
మిమ్మల్ని ఏరికోరి తెచ్చుకున్నవాడు