పౌడరే కదా అనుకుంటే

"ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని సైకియాట్రిస్ట్ అడిగారు. "ఏమీ లేవండీ" అన్నాడు అన్నయ్య. పక్కనే కూర్చున్న నాకు వాళ్లింట్లో మంచం పక్కనుండే అశ్వగంధ డబ్బా గుర్తొచ్చింది. రోజూ రాత్రి గోరువెచ్చని పాలలో ఒక చెంచా వేసుకుంటాడు. బయటికొచ్చాక అడిగితే, "అది మందేంట్రా, పౌడరే కదా" అన్నాడు.

డిప్రెషన్‌కు మూలికలు పనిచేస్తాయా లేదా అన్న వాదన కన్నా నాకు ఈ మాటే ఎక్కువ భయం వేస్తుంది. అసలు పనిచేయవని కొట్టిపారేయడానికి లేదు. జర్మనీలో సెయింట్ జాన్స్ వోర్ట్ అనే పసుపు పూల మొక్క సారాన్ని డాక్టర్లే రాస్తారు. వైద్య పరిశోధనలను కలిపి విశ్లేషించే కాక్రేన్ సంస్థ సమీక్ష ఒకటి 2008లో 29 ట్రయల్స్‌ను, 5,489 మంది రోగుల వివరాలను కలిపి చూసింది. మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే అది మెరుగని, డిప్రెషన్ మాత్రలకు దాదాపు సమానమని, సైడ్ ఎఫెక్ట్స్ తక్కువని తేల్చింది. జర్మన్ మాట్లాడే దేశాల ట్రయల్స్‌లో ఫలితాలు మరీ బాగున్నాయని కూడా అందులోనే ఉంది. కానీ 2002లో అమెరికాలో 340 మందిపై జరిగిన ట్రయల్‌లో అది ఉత్తుత్తి మాత్రను దాటలేకపోయింది. తమాషా ఏమిటంటే, పోలిక కోసం పెట్టిన సెర్ట్రలిన్ అనే డిప్రెషన్ మాత్ర కూడా ప్రధాన కొలతల్లో దాటలేదు.

ఇంత రుజువున్న మూలికనే మాత్రకు తోడుగా వాడకూడదు. డిప్రెషన్ మాత్రతో కలిస్తే సెరటోనిన్ అనే మెదడు రసాయనం హద్దు దాటి వణుకు, జ్వరం, అయోమయం రావచ్చు. పైగా అది లివర్‌లో మందులను అరగదీసే ఎంజైమ్‌లను ఉసిగొల్పుతుంది. గర్భనిరోధక మాత్రలైనా, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ అయినా రక్తంలో వాటి మోతాదు తగ్గిపోతుంది. గుండె మార్పిడి చేయించుకున్న ఇద్దరికి ఈ మూలిక వల్ల, కొత్త అవయవాన్ని ఒళ్లు తిప్పికొట్టకుండా ఇచ్చే సైక్లోస్పోరిన్ మందు రక్తంలో పడిపోయి, ఒళ్లు కొత్త గుండెనే తిప్పికొట్టబోయిందని 2000లో జ్యూరిచ్ డాక్టర్లు రాశారు.

తోడుగా వాడటానికి కుంకుమపువ్వు నయం. బిడ్డ ఎర్రగా పుడుతుందని గర్భిణులకు పాలలో వేసి ఇస్తామే, అదే. ఇరాన్‌లో రోజుకు 30 మిల్లీగ్రాముల చొప్పున, కొన్నిసార్లు డిప్రెషన్ మాత్రలతో పాటే ఇచ్చి చూశారు. ఫలితాలు ఆశాజనకమే. కాకపోతే ఎక్కువగా చిన్న ట్రయల్స్, కొన్ని వారాలవే. అక్కడ ఇచ్చింది కొలిచి చేసిన క్యాప్సూల్, మన వంటింటి చిటికె కాదు.

మూలిక మనసును పైకి లేపడమే కాదు, కిందికి తోయగలదు కూడా. మన సర్పగంధ నుంచి 1952లో వేరుచేసిన రిసర్పిన్ బీపీకి బాగా పనిచేసింది, కానీ కొందరిని దిగులులోకి నెట్టిందని డాక్టర్లు గమనించారు.

అశ్వగంధకు టెన్షన్, నిద్ర విషయంలో కొంత ఆధారం ఉంది, డిప్రెషన్‌కు అంత లేదు. లివర్ దెబ్బతిన్న కేసులూ కొన్ని నమోదయ్యాయి.

తర్వాతి విజిట్‌కు డబ్బా నేనే సంచిలో వేసుకెళ్లాను. డాక్టర్ లేబుల్ చదివి, "థైరాయిడ్ ఏమైనా ఉందా?" అని అడిగారు. దీనివల్ల థైరాయిడ్ హార్మోన్ పెరగవచ్చట. అన్నయ్య నా వైపు చూశాడు. ఆరేళ్లుగా పరగడుపున ఆ మాత్ర వేసుకుంటున్నాడు. మొదటిసారి అడిగినప్పుడు అదీ చెప్పలేదు.