పడూకా దారిలో 30 ఆంపుల కాపురం

సూర్యానికి 68, లలితకి 64. డాలస్‌లో నాలుగు గదుల ఇల్లుంది. ఆ నాలుగు గదుల్లో చెరో మూల కూర్చుని ఇద్దరూ ప్రశాంతంగా ఉండేవాళ్ళు. రిటైరయ్యాక దేశం చూద్దామని ఆయన సెకండ్‌హ్యాండ్‌లో 25 అడుగుల ఆర్వీ, అంటే చక్రాల మీద ఇల్లు, కొన్నాడు. దేశం సంగతేమోగానీ, 41 ఏళ్ళ కాపురంలో ఒకరినొకరు ఇంత దగ్గరగా, ఇంతసేపు చూసుకోవడం ఇదే మొదలు. బండిలో ఉన్నది ఒకటే టేబుల్. తినేది దానిమీదే, ఆవిడ అతుకుల బొంతలు కుట్టేది దానిమీదే, దాన్ని దించి పరుపు వేస్తే రాత్రికి మంచం కూడా అదే.

ప్రస్తుతం బండి అర్కాన్సాలో ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో ఆగి ఉంది. జులై నెల. సాయంత్రం ఏడైనా ఎండ దిగలేదు.

సూర్యం: లలితా! మళ్ళీ పోయింది!

లలిత: ఏం పోయింది?

సూర్యం: ఏసీ పోయింది. మైక్రోవేవ్‌లో నా పప్పన్నం తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది. ఇస్త్రీ పెట్టె పెట్టావు కదూ?

లలిత: నాలుగు ముక్కలేనండీ. చిన్న ఇస్త్రీ.

సూర్యం: ముక్కలు నాలుగైనా నలభైయైనా ఆ పెట్టె లాగేది 1500 వాట్లే. ఎన్నిసార్లు చెప్పాలి? మనకిచ్చేది 30 ఆంపులు. 120 వోల్టులతో హెచ్చవేస్తే 3600 వాట్లు. ఏసీకి 1500 దాకా, మైక్రోవేవ్‌కి ఇంచుమించు అంత, నీ పెట్టెకి ఇంకో 1500. కూడు.

లలిత: కూడటం ఎందుకు? పప్పన్నం చల్లగా తినండి, లెక్క దానంతటదే సరిపోతుంది.

సూర్యం: ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో 210 మెగావాట్ల యూనిట్ నడిపినవాణ్ణి. నన్ను తీసుకొచ్చి ఇక్కడ ఒక ఇస్త్రీ పెట్టె దగ్గర ఓడించావు.

లలిత: ఆ రోజుల్లో కూడా మన క్వార్టర్స్‌లో కరెంటు పోయేది.

సూర్యం: అది గ్రిడ్ ప్రాబ్లం!

లలిత: ఇదీ అలాంటిదే అనుకోండి.

సూర్యం: మరి లైట్లు వెలుగుతున్నాయే, అదెందుకో తెలుసా? లైట్లకి 12 వోల్టుల బ్యాటరీ వేరే ఉంటుంది. ఈ బండి తయారుచేసినవాడికి కూడా ఇంట్లో కుట్టుపని చేసే భార్య ఉండి ఉంటుంది.

లలిత: మాట్లాడుతూ కూర్చోకుండా వెళ్ళి ఆ స్విచ్ ఎత్తి రండి. నా మిషన్ కూడా ఆగిపోయింది. పాపం, దానికి నూరు వాట్లు కూడా అక్కర్లేదు.

సూర్యం: బ్రేకర్ బయట గుంజ మీదుంది. ఈ నిక్కరుతో ఎలా వెళ్ళను? పక్క బండిలో ఆయన కుర్చీ వేసుకుని మనల్నే చూస్తున్నాడు. నా లుంగీ ఏది?

లలిత: (వెంటనే) చెప్పులేసుకోండి. బయటికే కాదు, లోపల కూడా.

సూర్యం: లోపల దేనికి?

లలిత: ఊరికే.

సూర్యం: లలితా!

లలిత: పొద్దున డబ్బాలో పన్నెండు సూదులున్నాయి. ఇప్పుడు పదకొండున్నాయి.

(సూర్యం రెండు కాళ్ళూ సోఫా మీదికి లాక్కుంటాడు. కాసేపటికి ధైర్యం తెచ్చుకుని, ఒక్కో అడుగూ తడిమి చూసుకుంటూ బయటికెళ్తాడు. పక్క బండి ఆయన చెయ్యూపుతాడు. సూర్యం ఒక చేత్తో నిక్కరు పట్టుకుని రెండో చెయ్యి ఊపుతాడు. ఏసీ బుస్సుమంటుంది.)

సూర్యం: అసలు ఈపాటికి మనం మెంఫిస్ దాటి ఉండాలి.

లలిత: మళ్ళీ మొదలా?

సూర్యం: నేను చాలా స్పష్టంగా అడిగాను. "ఏ ఎగ్జిట్?" అని. నువ్వు "నలభై ఏడు" అన్నావు.

లలిత: నేను మీతో అన్లేదు. కుట్లు లెక్కపెట్టుకుంటున్నాను.

సూర్యం: నలభై ఏడులో దిగాక, "నలభై ఎనిమిది" అన్నావు. ఎగ్జిట్ దిగాక ఇంకో ఎగ్జిట్ ఎక్కణ్ణుంచి వస్తుందే?

లలిత: బండి కదులుతుంటే మిషన్ కుట్టకూడదన్నారు, మానేశాను. కత్తెర పట్టుకోవద్దన్నారు, సరేనన్నాను. బెల్టు పెట్టుకుని, ఒళ్ళో ఆరు మూలల కాగితం ముక్కలు పెట్టుకుని, వాటిమీద గుడ్డ మడిచి చేత్తో కుట్టుకుంటుంటే అదీ తప్పేనా? బండిలో చేసుకోగలిగిన పని అదొక్కటే.

సూర్యం: ఇంకో పని కూడా ఉంది. దారి చూడటం.

లలిత: జీపీఎస్ ఉందిగా!

సూర్యం: దాని గొంతు తగ్గించింది ఎవరు? లెక్క తప్పుతోందని!

(ఇక్కడ రాసేవాడి మాట ఒకటి. ఈ గొడవ పొద్దుటి నుంచి మూడోసారి జరుగుతోంది. మొదటి రెండుసార్లూ ఇంతకంటే పెద్ద గొంతులతో జరిగింది.)

లలిత: సరేలెండి. రేపటికల్లా పడూకాలో ఉంటాం.

సూర్యం: ఆ పేరు విన్నప్పుడల్లా నాకు ఆవలింత వస్తోంది. బొంతల ఊరికి 'పడుకో' అని పేరు పెట్టినవాడెవడోగానీ, వాడికి తెలుగు వచ్చి ఉండాలి.

లలిత: పడుకో కాదు, పడూకా. కెంటకీలో ఉంది. 1991లో అక్కడ బొంతలకే మ్యూజియం పెట్టారు. 2013లో యునెస్కో వాళ్ళు చేతిపనుల ఊళ్ళ జాబితాలో చేర్చారు.

సూర్యం: మన ఊళ్ళో ప్రతి అరుగు మీదా ఉండే బొంతకి యునెస్కోనా? మా అమ్మ నాలుగు పాత చీరలు ఒకదానిమీద ఒకటి పరిచి, ఇంత పొడుగు సూదితో గబగబా పరుగు కుట్టు వేసేది. మధ్యాహ్నం మొదలుపెడితే దీపాలవేళకి సగం అయిపోయేది. టేపు లేదు, స్కేలు లేదు. నువ్వేమో ముక్కకి ముందు కొలత, కోశాక కొలత, కుట్టాక కొలత.

లలిత: అత్తయ్యది బొంత. ఇది క్విల్టు.

సూర్యం: తేడా ఏమిటి?

లలిత: పైన అతుకుల పొర, కింద ఆస్తరు, మధ్యలో దూది పొర, అదే బ్యాటింగు.

సూర్యం: టాస్ ఎవరు గెలిచారు?

లలిత: ఈ జోకు మీరు 2011 నుంచి వేస్తున్నారు.

సూర్యం: నువ్వు 2011 నుంచీ నవ్వడం లేదు. సరే, ఆ పడూకాలో ఆ బొంతలు కప్పుకోనిస్తారా?

లలిత: ముట్టుకోనివ్వరు కూడా.

సూర్యం: ముట్టుకోని బొంత చూడటానికి ఆరువందల మైళ్ళా! నా మటుకు నేను వచ్చేది దానికి కాదులే. దగ్గర్లోనే టెనెసీ నది మీద కెంటకీ డ్యామ్ ఉంది. 1944లో పూర్తి చేశారు. ఆ టర్బైన్లు చూస్తే చాలు నాకు.

లలిత: ముట్టుకోనిస్తారా?

(సూర్యం జవాబు చెప్పడు. పప్పన్నం తీసుకొచ్చి టేబుల్ మీద చోటు వెతుకుతాడు. నల్లటి చిన్న మిషన్ మాత్రం చోటంతా తనదేనన్నట్టు కూర్చుని ఉంటుంది. సింగర్ ఫెదర్‌వెయిట్. ఆ మోడల్ 1933లో షికాగో ప్రదర్శనలో మొదటిసారి జనం ముందుకొచ్చింది. ఒళ్ళంతా అల్యూమినియం, బరువు 11 పౌండ్లు, అంటే ఐదు కిలోలు. లలితకి ఇది ఒక ముసలావిడ ఇంటిసామాను అమ్మకంలో దొరికింది. దీని బరువు గురించి సూర్యం ఒక్కనాడూ సణగలేదు. దానితో వచ్చిన గుడ్డల బరువు వేరే సంగతి.)

సూర్యం: నిన్న చారులో ఏదో తగిలింది. కరివేపాకనుకుని లాగితే మూరెడు వచ్చింది.

లలిత: చారులో నేను కరివేపాకు వేయలేదండీ.

సూర్యం: అదే చెబుతున్నాను! ఈ గుడ్డలు కొంచెం జరుపు. ఇదేమిటి, బాగుందే. ముదురు నీలం మీద ఎర్ర గళ్ళు. ఈ మెత్తదనం కొత్త గుడ్డకి రాదు. ఎక్కడ కొన్నావు?

లలిత: పాతదే.

సూర్యం: ఎక్కడో చూసినట్టుంది.

లలిత: చూసే ఉంటారు.

సూర్యం: (ముక్కని వెలుగులో పెట్టి) ఈ మూల మీద చిన్న కాలిన మచ్చ. దీపావళికి చిచ్చుబుడ్డి... లలితా! ఇది నా లుంగీ!

లలిత: లుంగీ అనకండి. అది ఎప్పుడో జల్లెడ అయిపోయింది.

సూర్యం: 1998లో బెజవాడ బీసెంట్ రోడ్డులో కొన్నాను. ఇరవై ఐదేళ్ళు ఉతికితే వచ్చింది ఆ మెత్తదనం!

లలిత: ఉతికింది ఎవరు?

సూర్యం: నన్ను అడగాలా వద్దా? కట్టుకునేవాణ్ణి నేనిక్కడ బతికే ఉన్నాగా!

లలిత: అలబామాలో గీస్ బెండ్ అని ఒక పల్లె ఉంది. పత్తి చేలల్లో కష్టపడిన నల్లజాతి ఆడవాళ్ళది. చలికి వేరే దారి లేక, చిరిగిన పనిబట్టలన్నీ అతికి బొంతలు కుట్టుకున్నారు. అవే ఇప్పుడు పెద్దపెద్ద మ్యూజియంలలో గోడల మీద ఉన్నాయి. 2006లో తపాలా బిళ్ళలు కూడా వేశారు. అక్కడ మిజూరి పెట్‌వే అని ఒకావిడ 1942లో భర్త పనిబట్టలన్నీ కలిపి బొంత కుట్టింది, ఆయన గుర్తుగా కప్పుకోవడానికి.

సూర్యం: ఎంత ప్రేమ! ఆయన ఏమన్నాడు?

లలిత: ఏమంటాడు? ఆయన అప్పటికే పోయాడుగా.

సూర్యం: అదీ సంగతి! ఆవిడ ఆయన పోయేదాకా ఆగింది! నువ్వు ముహూర్తం ముందుకు జరిపావు!

లలిత: అపశకునపు మాటలు మాట్లాడకండి. బతికుండగా కుడితే మీరూ కప్పుకోవచ్చు కదా అని.

(ఈ మాటకి సూర్యం దగ్గర సమాధానం లేదు. ముక్క తిప్పి చూస్తాడు. దాని పక్కనే ఆకుపచ్చ గుడ్డ, జరీ అంచు.)

సూర్యం: ఈ పక్కది?

లలిత: అత్తయ్యది. మంగళగిరి చీర, నిజాం అంచు. కొంగు పోయింది, ఒళ్ళు బాగానే ఉంది.

సూర్యం: అమ్మ చీర పక్కన నా లుంగీయా?

లలిత: ఎప్పుడూ మీరుండేది అక్కడేగా. నేనేం కొత్తగా కుట్టలేదు.

సూర్యం: మరి నువ్వెక్కడ?

లలిత: అంచంతా నేనే. మీ ఇద్దరూ జారిపోకుండా చుట్టూ.

(కాసేపు ఏసీ చప్పుడు తప్ప ఏమీ వినపడదు. సూర్యం పప్పన్నం పక్కన పెట్టి, జేబులోంచి కళ్ళజోడు తీస్తాడు. ఇది ప్రేమ అని పొరపాటు పడకండి. ఇంజనీరుకి తప్పు కనిపించింది.)

సూర్యం: ఈ వరస ఆ వరసతో కలవడం లేదే.

లలిత: అదే నా ఏడుపు. పొద్దుటి నుంచీ విప్పడం, కుట్టడం, విప్పడం. ఎక్కడో గీత పక్కకి పోయింది.

సూర్యం: కుట్టుకి ఎంత వదిలావు?

లలిత: పావు అంగుళం.

సూర్యం: పావు కాదు ఇది. వీసం, అంటే పదహారో వంతు, ఎక్కువుంది. ఒక్కో కుట్టుకి రెండు వైపులా గుడ్డ పోతుంది, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. వరసకి 12 ముక్కలు, మధ్యలో 11 కుట్లు. మొత్తం 1.375 అంగుళాలు పొట్టి. వీసమే కదా అని వదిలేస్తే వరస చివరికి ఇంత!

లలిత: ఇందాక కొలతలెందుకన్నారు?

సూర్యం: అమ్మకి అక్కర్లేదు. ఆవిడ ముక్కలు అతకలేదు, చీర మీద చీర పరిచింది. నువ్వు అతుకుతున్నావు, కాబట్టి కావాలి. స్కేలివ్వు. ఆ చక్రం కత్తి కూడా.

లలిత: మీ వేళ్ళు జాగ్రత్త.

సూర్యం: నువ్వు విప్పు. నేను కోసి, ఇస్త్రీ చేసి ఇస్తాను. మడతలు ఒక వరస కుడికి, తర్వాతి వరస ఎడమకి నొక్కితే కీళ్ళు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. చూశావా? ఇది కూడా చెప్పలేదా నీకు, ఆ యూట్యూబు వాళ్ళు?

లలిత: చెప్పారు. నేను చెబితే మీరు వినరని, మీకే తడతుందిలెమ్మని ఊరుకున్నాను.

(రాత్రి తొమ్మిదిన్నర. సూర్యం నిక్కరుతోనే నిలబడి ఇస్త్రీ చేస్తున్నాడు. ఎడమ పక్కన నీట్‌గా దొంతర. మొహం 210 మెగావాట్ల మొహం.)

సూర్యం: ఏమాటకామాటే, ఇందులో ఓ లెక్కుంది. లలితా, కాఫీ తాగుతావా?

లలిత: పెడితే తాగుతాను. కానీ ఏమండీ...

సూర్యం: నువ్వు కుట్టుకో. పాలు నేనే వేడి చేస్తాను. రెండు నిమిషాలు.

(ఇస్త్రీ పెట్టె వేడిగానే ఉంది. ఏసీ తిరుగుతోంది. సూర్యం మైక్రోవేవ్ బటన్ నొక్కుతాడు. టప్.)

లలిత: ...

సూర్యం: ...

లలిత: గ్రిడ్ ప్రాబ్లమా అండీ?

సూర్యం: ఇక్కడి బ్రేకర్లు నాసిరకం. ఉండు, ఎత్తి వస్తాను.

లలిత: చెప్పులు...

సూర్యం: రెండడుగులేగా! (తలుపు వైపు విసురుగా వెళ్తూ) అబ్బా! అమ్మో! చచ్చాన్రా దేవుడా!

లలిత: (కుర్చీలోంచి లేస్తూ, ఎంతో ఆత్రంగా) దొరికిందా?

సూర్యం: ఏది, బ్రేకరా?

లలిత: సూదండీ! వంకర పోలేదు కదా?