సవరణ: టర్న్‌బెర్రీలో ప్లేఆఫ్ జరగలేదు

1977 బ్రిటిష్ ఓపెన్ గోల్ఫ్ మీద మొన్నటి పోస్టులో, టామ్ వాట్సన్ ప్లేఆఫ్‌లో (స్కోర్లు సమమైతే ఆడే అదనపు ఆటలో) జాక్ నిక్లాస్‌ను ఓడించినట్టు ఉంది. అది సరికాదు. స్కాట్లాండ్‌లోని టర్న్‌బెర్రీలో ఆట 72వ హోల్‌లోనే, అంటే చివరి రోజు 18వ హోల్‌లోనే తేలిపోయింది (రోజుకు 18 హోల్స్, నాలుగు రోజులు). వాట్సన్ 268 షాట్లు, నిక్లాస్ 269; గోల్ఫ్‌లో తక్కువ షాట్లు కొట్టినవాడే విజేత. వాట్సన్ ప్లేఆఫ్‌లో గెలిచింది 1975లో, కార్నూస్టీలో, జాక్ న్యూటన్ మీద.

హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున కలిసే క్రికెట్ మిత్రులు "ఒక్క షాట్ తేడాకు అంత టెన్షన్ ఏముంటదన్నా?" అన్నారు. వాళ్ల కోసం కాస్త వివరంగా: మొదటి మూడు రోజులు ఇద్దరి స్కోర్లూ అచ్చంగా ఒకటే, 68, 70, 65. చివరి రోజు ఆటలో మొదట నిక్లాస్‌దే పైచేయి. 15వ హోల్‌లో వాట్సన్ గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) బయటి నుంచి దాదాపు 60 అడుగుల పట్ (బంతిని నేల మీద దొర్లించి హోల్‌లో వేసే షాట్) వేసి సమం చేశాడు. 17లో నిక్లాస్ చిన్న పట్ మిస్సయ్యాడు, వాట్సన్ ఒక షాట్ ముందుకెళ్లాడు. 18లో అతని బంతి ముళ్లపొదల పక్కకు పోయింది. ఇక అయిపోయిందనుకుంటాం కదా! అక్కణ్ణుంచి గ్రీన్ మీదికి కొట్టి, చాలా దూరం నుంచి పట్ వేసి బర్డీ (ఆ హోల్‌కు నిర్ణయించినదానికంటే ఒక షాట్ తక్కువ) చేశాడు. అప్పుడు గెలవాలంటే వాట్సన్ తన చిన్న పట్ కూడా వేయక తప్పలేదు. వేశాడు.

మూడో స్థానంలో హ్యూబర్ట్ గ్రీన్, 279. నిక్లాస్‌కే పది షాట్ల వెనక.

2016లో రాయల్ ట్రూన్‌లో జరిగిన బ్రిటిష్ ఓపెన్ పోరు ఇంతకంటే దగ్గరిదన్న వాక్యాన్నీ ఆ పోస్టులోంచి తీసేశాను. అక్కడ హెన్రిక్ స్టెన్సన్ చివరి రోజు 63 కొట్టి, ఫిల్ మికెల్సన్ మీద మూడు షాట్ల తేడాతో గెలిచాడు.