మహారాజశ్రీ అక్వేరియం మొక్క బుసెఫలాండ్రా గారికి, శ్రీకాకుళం నుంచి

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, మీ కుశలం చూసుకోవడంలోనే నా కుశలం కాస్తా పోయింది, కాబట్టి నేరుగా విషయానికొస్తాను.

మీకంటే ముందు మా ఇంటికి మీ అన్నగారు వచ్చారు. పన్నెండు వందలు కట్టి, కొరియర్ కుర్రాడికి మూడుసార్లు ఫోన్ చేసి, తడి కాగితం విప్పి చూస్తే లోపల చిటికెనవేలి గోరంత ఆకులు మూడు, అగ్గిపుల్లంత దుంప ఒకటి. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసి "ఏటిరా ఇది, చేమ పిలకా?" అంది. నాకు ఒళ్ళు మండింది. తీరా చదివితే ఆవిడన్నదే నిజం, మీదీ చేమ, కంద కుటుంబమే! పేరు మాత్రం బారెడు. మీ పూలలో కేసరాలు కొమ్ములున్న ఎద్దు తలలా ఉంటాయని 1858లో షాట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు పెట్టిన పేరు. అదే తెలుగులో ఎద్దుతలయ్య గారు అని అమ్మితే పన్నెండు రూపాయలు కూడా రావు. మీ జాతులు ముప్పై దాకా ఉన్నాయంటారు గానీ, అమ్మేవాళ్ళ దగ్గర ఆకు రంగు కాస్త మారితే చాలు, కొత్త పేరు, కొత్త రేటు.

అన్నగారిని తిన్నగా అక్వేరియంలో ముంచాను. తేమ గాల్లో పెరిగినవారు కదా, నాలుగో రోజుకి ఆకులు గంజిలా కరిగి జారిపోయాయి. పోయారనుకుని పారేశాను. ఆకులు కరిగినా దుంప గట్టిగా ఉంటే మళ్ళీ చిగురిస్తారని ఆ తర్వాత తెలిసింది. అంటే బతికుండగానే కర్మ చేసేశానన్నమాట. అందుకే మీరొచ్చారు, ఇంకో పన్నెండు వందలకి. మిమ్మల్ని మాత్రం ముంచకుండా, తేమ నిలిచే మూత డబ్బాలో పెట్టాను.

మీకు మట్టి పడదు. దుంప పూడిస్తే కుళ్ళిపోతుంది, రాయికి దారంతో కట్టాలి. సరేనని నాగావళిలోంచి నాలుగు రాళ్ళు ఏరుకొచ్చి, ఒక్కోదాని మీద వెనిగర్ చుక్క వేసి చూసి (బుడగలొస్తే సున్నం ఉన్నట్టు), పాసైన మూడింటినీ అన్నం వండే గిన్నెలో అరగంట మరిగించాను. సరిగ్గా అప్పుడే పక్కింటి పిన్ని పెరుగు తోడుకి వచ్చి మూత తీసి చూసింది. నాతో ఏమీ అనలేదు. సాయంత్రం అమ్మతో మాత్రం, అబ్బాయికి సంబంధాలు చూస్తున్నారా, ఇంక ఆలస్యం చేయకండి అందట.

ఇంతకీ మీ పుట్టిల్లు బోర్నియో. అక్కడి వాగుల్లో బండల్ని వేళ్ళతో కరుచుకుని బతుకుతారట, వాన పడితే వాగు మీ నెత్తిమీంచే పోతుందట, తగ్గితే మళ్ళీ గాల్లో తేలతారట. అంత వరదకి చలించనివారు మా బోరు నీళ్ళకి ఎలా వాడిపోతారండీ? మేం తాగేది ఆ నీళ్ళే. మీకు మాత్రం ఇరవై లీటర్ల మినరల్ టిన్ను. మే నెలలో మా ఇంట్లో చల్లగా ఉండేది దేవుడి గదే కాబట్టి మీ మూత డబ్బా, మీ ఎల్‌ఈడీ లైటూ అక్కడికే మార్చాను. మొన్న అప్ప వచ్చి మీ మూత మీద కూడా ఒక మందారం పెట్టి దండం పెట్టుకుని వెళ్ళింది.

ఇక పెరట్లో, వంటింటి నీళ్ళు పారే కాలువ పక్కన మీ చుట్టం ఒకాయన ఉన్నాడు. చేమ. ఎవరూ నాటలేదు. అంట్లు తోమిన నీళ్ళే తాగి చాటంత ఆకులు వేస్తాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానంలో కొబ్బరి చెట్లని పడగొట్టినప్పుడు ఆయన ఆకులూ చిరిగి పీలికలయ్యాయి, మళ్ళీ చిగురు వేశాడు. మాకు రోజుల తరబడి కరెంటు లేదు. నా అదృష్టం, అప్పటికి మీరు రాలేదు.

మీరొచ్చిన పదకొండు నెలల్లో వేసిన ఆకులు నాలుగు. తేదీలతో సహా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నిన్న రాత్రి కరెంటు పోతే, మీకేమయిందోనని టెన్షన్‌తో టార్చి వేసి చూశాను. ఐదోది. మినప్పప్పు బద్దంత, దాని మీద నీలం మెరుపు, చుట్టూ తెల్ల చుక్కలు. నిజం చెప్పొద్దూ, అరిచాను. అమ్మని లేపి చూపించాను. తేరిపార చూసి, "పులుసులోకి చాలదు కదరా" అని అటు తిరిగి పడుకుంది.

తేమ పోతుందని మూత వేసేశాను. ఉంటాను.

ఇట్లు,
మీ నీళ్ళ టిన్ను మోసేవాడు