బ్లాస్ మారిస్తే అన్నీ పరిగెత్తవు
గణాంకాల ప్రోగ్రామింగ్ భాష ఆర్‌లో మామూలుగా వచ్చే బ్లాస్ (మాట్రిక్స్ లెక్కలు చేసే లైబ్రరీ) తీసేసి, దాని బదులు ఓపెన్‌బ్లాస్ అనే వేగవంతమైన రకం పెట్టుకుంటే మొత్తం పని వేగం అవుతుందన్నట్టు మీరు రాశారు, అది సగమే నిజం. పెద్ద మాట్రిక్స్‌ల గుణకారం, ఎస్‌వీడీ, చోలెస్కీ (మాట్రిక్స్‌ని విడగొట్టే పద్ధతులు) లాంటివైతే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే ఓపెన్‌బ్లాస్ మాట్రిక్స్‌ని ప్రాసెసర్ క్యాష్‌లో పట్టే ముక్కలుగా తీసుకుని, ఉన్న కోర్లన్నిటినీ పనిలో పెడుతుంది. మామూలు బ్లాస్ ఒక్క కోర్‌తోనే నెట్టుకొస్తుంది. రిగ్రెషన్ చేసే ఎల్ఎమ్ ఫంక్షన్ సంగతి వేరు. అది ఇప్పటికీ పాత లిన్‌ప్యాక్ లైబ్రరీలోని క్యూఆర్ (మాట్రిక్స్‌ని విడగొట్టే ఇంకో పద్ధతి) కోడ్ మీదే, కాలమ్ తర్వాత కాలమ్‌గా నడుస్తుంది కాబట్టి అక్కడ ఒరిగేది పెద్దగా ఉండదు. ఇక ఫర్ లూపులు, సీఎస్‌వీ చదవడం, టెక్స్ట్ పనులు, వీటికి బ్లాస్‌తో సంబంధమే లేదు.

ఇంకోటి మీరు చెప్పలేదు. 8 కోర్ల మెషీన్‌లో, పనిని పంచే ప్యారలల్ ప్యాకేజీతో 8 వర్కర్లను (విడివిడి ఆర్ ప్రాసెస్‌లను) పెట్టి, ఒక్కొక్కటీ మళ్లీ 8 థ్రెడ్లు (ఒకేసారి నడిచే పని పాయలు) తెరిస్తే, 64 థ్రెడ్లు 8 కోర్ల కోసం కొట్టుకుంటాయి, పని మునుపటికన్నా నెమ్మదించినా ఆశ్చర్యం లేదు (నమ్మబుద్ధి కాకపోతే నడుస్తున్న ప్రాసెస్‌లను చూపించే టాప్ కమాండ్ తెరిచి చూడండి). అలాంటప్పుడు ఆర్ మొదలవకముందే ఓపెన్‌బ్లాస్_నమ్_థ్రెడ్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ విలువ 1 అని పెట్టాలి. అసలు ముందు ఏ బ్లాస్ వాడుతున్నారో సెషన్‌ఇన్ఫో() కొట్టి చూసుకోండి, ఉబుంటులో అయితే అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ కమాండ్‌తో మార్చుకోవడం, నచ్చకపోతే వెనక్కి రావడం రెండూ తేలికే.